చిన్నీ, గన్ కంటే ముందు హోల్‌స్టర్ చూడు

చిన్నీ,

నిన్న రాత్రి మీ అమ్మ గుంటూరు నుంచి ఫోన్ చేసింది. "అక్కా, అది తుపాకి కొంటుందట, నువ్వైనా చెప్పవే" అని ఒకటే ఏడుపు. దానికి ఎలాగో సర్దిచెప్పి పెట్టేశాను గానీ నాకూ నిద్ర పట్టలేదు. రాత్రి పదకొండింటికి స్టోర్ మూసి, గల్లా డబ్బుతో ఒక్కదానివే కారు దాకా నడుస్తున్నావని నాకు ఒక్క మాటైనా చెప్పావా? చాలా కోపం వచ్చింది. కానీ గ్రీన్‌కార్డ్ చేతికొచ్చేదాకా ఆగి, అన్నీ కనుక్కుని మరీ మొదలుపెట్టావని విన్నాక గర్వంగానే అనిపించింది తల్లీ. వద్దని చెప్పను. నేనే ఏళ్ల తరబడి నడుముకి పెట్టుకుని తిరుగుతున్నాను.

కాగితాల సంగతి నీకు తెలిసిందే. లైసెన్స్ ఉన్న షాపులో కొను, గన్ కొనేటప్పుడు నింపే 4473 ఫారంలో అన్నీ నిజాలే రాయి. 2021 సెప్టెంబర్ నుంచి టెక్సాస్‌లో 21 ఏళ్లు నిండి, చట్టపరంగా అడ్డేమీ లేనివాళ్లు లైసెన్స్ లేకుండానే హ్యాండ్‌గన్ పెట్టుకోవచ్చు. అయినా ఎల్‌టీసీ, అంటే గన్ వెంట పెట్టుకునే లైసెన్స్ కోసం పెట్టే క్లాసు చెయ్యి. ఎక్కడికి తీసుకెళ్లకూడదో, ఎప్పుడు తీయకూడదో అక్కడ కూర్చోబెట్టి చెబుతారు. ఇంకో మాట, మీ తమ్ముడు ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద మీ ఇంట్లోనే ఉంటున్నాడు కదా. వేట లైసెన్స్ లాంటి కొద్ది మినహాయింపులు తప్ప, అలాంటి వీసాల మీద ఉన్నవాళ్ల దగ్గర గన్ గానీ తూటాలు గానీ ఉండటం ఫెడరల్ నేరం. ఫోటో దిగుతానన్నా వాడి చేతికివ్వకు, గన్ దాచే పెట్టె కోడ్ చెప్పకు. వాడి చదువు మీదకి వస్తుంది.

ఇక గన్. అల్లుడు నీకోసం అరచేతిలో పట్టేంత చిన్నది చూశాడట కదా. ప్రేమతోనే చూశాడు, కాదనను. కానీ గన్ తేలికయ్యేకొద్దీ దెబ్బ అంతా నీ చేతికే వస్తుంది. నాకు మీ పెదనాన్న కొన్న మొదటిది అరకిలో కూడా లేని అయిదు గుళ్ల రివాల్వర్. పది గుళ్లు కాల్చేసరికి బొటనవేలి మొదట్లో చర్మం కమిలిపోయేది, ట్రిగ్గర్ లాగడానికి చెయ్యంతా వణికేది. దాంతో రేంజ్‌కి, అదే గన్ కాల్చి ప్రాక్టీసు చేసే చోటికి, వెళ్లడమే మానేశాను. ప్రాక్టీసు లేని గన్ దగ్గరుండటం కన్నా లేకపోవడమే మేలు. కొనేముందు రేంజ్‌లో అద్దెకి తీసుకుని మూడు నాలుగు కాల్చి చూడు. షీల్డ్ ఈజీ అనే పిస్టల్‌కి స్లయిడ్, అంటే పైన వెనక్కి లాగే భాగం, తేలిగ్గా వస్తుంది, సిగ్ పీ365, గ్లాక్ 43ఎక్స్ కూడా కాల్చి చూడు. పట్టుకున్నప్పుడు నీ మణికట్టు వంకర పోకుండా చూపుడువేలి మొదటి కణుపు మెత్తభాగం ట్రిగ్గర్ మీదకి రావాలి. స్లయిడ్‌ని వేళ్లతో గిల్లినట్టు లాగకు. గన్‌ని ఒంటికి దగ్గరగా పెట్టుకుని, గన్ గొట్టం మూతి ఎదురుగానే ఉంచి, ఎడమ అరచేయి మొత్తం పైన వేసి గట్టిగా పట్టుకుని, కుడిచేత్తో గన్‌ని ముందుకి తొయ్యి. బలం చాలక కాదు, పద్ధతి తెలియకే చాలామంది ఆడవాళ్లు మా వల్ల కాదంటారు.

ఇప్పుడు అసలు విషయం. నువ్వు మీ అమ్మతో "హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకుంటానమ్మా, ఎవరికీ కనపడదు" అన్నావట. ఆ మాట విన్నాకే నాకు ఒళ్లు చల్లబడింది. ఇది ఇంతవరకు మీ పెదనాన్నకి తప్ప ఎవరికీ చెప్పలేదు.

2009 శ్రావణమాసం. స్నేహితురాలి ఇంట్లో వరలక్ష్మీ వ్రతం. అప్పట్లో నేనూ గన్‌ని బ్యాగ్‌లోనే పడేసుకునేదాన్ని, హోల్‌స్టర్, అదే గన్ పెట్టుకునే తొడుగు, కూడా లేకుండా. జిప్ ఉన్న అరలో ఉంది కదా, ఎవరు చూస్తారులే అని ధీమా. పేరంటాళ్ల బ్యాగులన్నీ లోపల మంచం మీద గుట్టగా పెట్టాం. హాల్లో కథ చదువుతున్నారు. ఫోటో తీద్దామని ఫోన్ కోసం లోపలికి వెళ్లాను. మంచం మీద మోకాళ్లేసి నాలుగేళ్ల పిల్ల, ఆకుపచ్చ పట్టు పావడా, కాళ్లకి పసుపు, నా బ్యాగ్‌లో మోచేతి దాకా చెయ్యి పెట్టి వెతుకుతోంది. ఎందుకంటే ఎప్పుడు కనపడ్డా ఆ బ్యాగ్‌లోంచే దానికి చాక్లెట్ తీసిచ్చేదాన్ని. నన్ను చూసి నవ్వింది చిన్నీ. "ఆంటీ, చాక్లెట్ లేదు" అంది.

నేను అరవలేదు. అరిస్తే ఉలిక్కిపడి దేన్ని పట్టుకుంటుందోనని భయం. మెల్లగా పక్కన కూర్చుని, దాని చెయ్యి పట్టుకుని బయటికి తీశాను. తాంబూలం కూడా తీసుకోకుండా, తలనొప్పని అబద్ధం చెప్పి ఇంటికొచ్చేశాను. బ్యాగ్ బోర్లిస్తే, నా తల క్లిప్పు ఒకటి ట్రిగ్గర్ చుట్టూ ఉండే కమ్మీలోకి దూరి ఉంది. ఆ పిల్ల ఇప్పుడు కాలేజీలో ఉంది. దాన్ని ఎక్కడ చూసినా ముందు దాని కుడిచేయి వంకే పోతుంది నా చూపు. వాళ్లమ్మకి ఇప్పటికీ చెప్పలేకపోయాను.

2014 డిసెంబర్‌లో ఐడహోలో, షాపింగ్‌కి వెళ్లిన తల్లి హ్యాండ్‌బ్యాగ్‌లోంచి రెండేళ్ల పిల్లాడు గన్ తీసి పేల్చాడు. తల్లి అక్కడే పోయింది. అది గన్ కోసమని ప్రత్యేకంగా అర కుట్టిన బ్యాగే. నీకు మూడేళ్ల పిల్ల ఉందే! రోజుకి పదిసార్లు నీ బ్యాగ్‌లో చెయ్యి పెడుతుంది. గన్ నీ ఒంటి మీదుండాలి, లేదా తాళం వేసిన పెట్టెలో ఉండాలి. మూడో చోటు లేదు. 17 ఏళ్లలోపు పిల్లల చేతికి అందేలా లోడ్ చేసిన గన్ వదిలేస్తే టెక్సాస్‌లో నేరం కూడా. బటన్లు నొక్కితే తెరుచుకునే పెట్టె కొని, అల్లుడి చేత మంచం పక్కన బోల్టులు వేయించు.

హోల్‌స్టర్ గట్టి ప్లాస్టిక్‌ది, కైడెక్స్ అంటారు, అది తీసుకో. ట్రిగ్గర్ మొత్తం కప్పాలి, బయటి నుంచి వేలితో నొక్కినా లోపలికి తగలకూడదు. నడుం చుట్టూ వేసుకునే మెత్తటి బ్యాండ్ కొన్నా లోపల ఇలాంటి గట్టి తొడుగు ఉండాల్సిందే. దాన్ని మోయడానికి వంగని బెల్టు కావాలి. మగవాళ్లలా కుడి తుంటి వెనక పెడితే, మన తుంటి ఒంపుకి పిడి పక్కటెముకల్లోకి పొడుచుకొస్తుంది. నాకు ముందువైపు, బొడ్డుకి కాస్త కుడిగా కుదిరింది. నీకు ఎక్కడ కుదురుతుందో పెట్టుకుని, కూర్చుని, పిల్లనెత్తుకుని చూడాలి. పక్క చీలికలున్న కుర్తీ బాగా దాస్తుంది, చెయ్యీ తొందరగా వెళుతుంది. కానీ లట్కన్లు, తాళ్లు ఉన్నవి వద్దు, చున్నీ అసలే వద్దు. గన్ తిరిగి లోపల పెట్టేటప్పుడు బట్ట గానీ తాడు గానీ ట్రిగ్గర్‌కి చిక్కుకుంటే పేలుతుంది. కళ్లతో చూసుకుంటూ మెల్లగా పెట్టు, ఆ పనికి ఎప్పుడూ తొందర ఉండదు. బాత్రూమ్‌కి వెళ్లినప్పుడు తీసి గట్టు మీద పెట్టకు, అక్కడే మర్చిపోతారు.

ఎవడైనా గల్లా అడిగితే ఇచ్చెయ్యి. మా స్టోర్‌లో ఒకసారి ఇచ్చేశాం, తీసుకుని పోయాడు. ఆ రాత్రి ఇద్దరం ఇంటికొచ్చి అన్నం తిన్నాం.

శనివారం పొద్దున తొమ్మిదింటికి నేనే వస్తాను, రేంజ్‌కి వెళదాం. మెడ దాకా మూసిన టీషర్ట్ వేసుకో. కాల్చాక ఎగిరే ఇత్తడి గొట్టం వేడిగా జాకెట్లోకి దూరితే ఎలా ఉంటుందో నాకు తెలుసు, ఆ మచ్చ ఇంకా ఉంది. నల్లపూసలు ఇంట్లో పెట్టిరా. నా పాత బెల్టు తెస్తాను, నీ నడుముకి సరిపోతుందేమో చూద్దాం. మీ అమ్మకి నేను చెబుతాలే.

పెద్దమ్మ