డ్రెస్డెన్ నుంచి ప్రాగ్ పోవాలంటే మళ్లీ వీసా కావాలా?

తమ్ముడూ, వీకెండ్‌కు రూమ్మేట్లతో ప్రాగ్ పోతానంటే నల్గొండలో అమ్మ "వేరే దేశానికి వీసా లేకుండా ఎట్లా" అని టెన్షన్ పడుతోందని రాశావు కదా. అక్కర్లేదు. జర్మనీ రెసిడెన్స్ పర్మిట్ గడువులో ఉంటే ప్రాగ్ ఉన్న చెక్ దేశంతో సహా మిగతా షెంగెన్ దేశాలన్నిటిలో (తమ మధ్య మామూలుగా సరిహద్దు తనిఖీలు లేకుండా చేసుకున్న యూరప్ దేశాలు) కలిపి ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులు తిరగొచ్చు, అమ్మకు మాత్రం సాగర్ దగ్గర వంతెన దాటి మాచర్ల పోయినట్టే అని చెప్పు, సరిపోతుంది.

కాకపోతే పాస్‌పోర్టు, పర్మిట్ కార్డు ఒరిజినల్సే ఉంచుకోండి, రైల్లో పోలీసులు అడిగితే ఫోన్‌లో ఫొటో చెల్లదు. అక్కడ యూరో కాదు, కొరునా. కార్డుతో కట్టడమే నయం. మీలో ఎవరికైనా పర్మిట్ ఇంకా రాక, వచ్చినప్పటి వీసా గడువు కూడా అయిపోయి ఉంటే ఈసారికి ప్రాగ్ వద్దు, సాక్సన్ స్విట్జర్లాండ్ కొండలకు పోండి, పేరు అట్లా ఉంది గానీ అది జర్మనీలోనే, మీ ఊరి పక్కనే.