సముద్రమే చూడని కదిరి పిల్ల అంటార్కిటికా సముద్రం మీద పరిశోధన చేయగలదా?

కదిరి నుంచి ఒక తండ్రి అడిగారు: "మా అమ్మాయి బీఎస్సీ ఫిజిక్స్ రెండో ఏడాది. అంటార్కిటికా చుట్టూ సముద్ర ప్రవాహాల మీద పరిశోధన చేస్తానంటోంది. మా ఇంట్లో సముద్రం చూసినవాళ్ళే లేరు. కుదిరే పనేనా?"

అన్నా, మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. ఎమ్మెస్సీ ఓషనోగ్రఫీకి ఆంధ్రా యూనివర్సిటీలో చేరినప్పుడు, విశాఖలోనే నేను మొదటిసారి సముద్రం చూశాను. ఆ టెన్షన్ వదిలేయండి.

అసలు ఈ పనిలో సముద్రం తక్కువ, ఉప్పు లెక్కలు ఎక్కువ. ఉప్పునీళ్ళు మనకు కొత్తా? మా జేజి ఒక గుక్క తాగి అవి ఏ బోరు నీళ్ళో చెప్పేసేది. మేం చేసేదీ అదే, కాకపోతే మూడో దశాంశం దాకా. అంటార్కిటికా తీరంలో సముద్రపు నీరు మైనస్ 1.9 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. గడ్డకట్టేటప్పుడు ఉప్పును చాలావరకు కిందికి వదిలేస్తుంది. దాంతో కింది నీరు బరువెక్కి అడుగుకు జారి, ఉత్తరంగా పాకుతూ మన హిందూ మహాసముద్రం అడుగుదాకా వస్తుంది. ఖండం మీది మంచు కరిగి మంచినీళ్ళు కలిసేకొద్దీ ఈ జారడం తగ్గుతుంది. ఎంత తగ్గుతోందన్నదే మా తగువంతా.

ఓడ మీద సీటీడీ అనే పరికరాన్ని (నీటి ఉప్పు, వేడి, లోతు కొలిచి, ఆ నీళ్ళు కూడా పట్టి తెస్తుంది) తీగకు కట్టి నాలుగు వేల మీటర్లు దింపి మళ్ళీ తీయడానికి మూడు గంటలు పడుతుంది. రాత్రి రెండైనా డెక్ మీద నిలబడాల్సిందే. అది తెచ్చిన నీళ్ళతోనే ప్రతి సీసానూ మూడుసార్లు కడిగి, తర్వాత నింపాలి. మొదటి ప్రయాణంలో నేను కొన్ని సీసాల మూతలు సరిగా బిగించలేదు. తర్వాత ల్యాబ్‌లో చూస్తే ఉప్పు ఎక్కువ! ఏదో కనిపెట్టేశానని రెండు రోజులు గాల్లో తేలాను. తీరా చూస్తే సీసాల్లో నీళ్ళు కాస్త ఆవిరయ్యాయి, అంతే. అనంతపురం వాడికి ఆ సంగతి తట్టలేదా అని మా గైడ్ ఇప్పటికీ నవ్వుతారు.

తొమ్మిదేళ్ళలో నేను ఓడ మీద ఉన్నది మొత్తం నాలుగు నెలలు కూడా లేదు. మన సంక్రాంతి రోజులే అక్కడ ఎండాకాలం, ఓడలు అప్పుడే కదులుతాయి. కాబట్టి పండగ పోతుంది. ఇంటికొస్తే చెనిక్కాయ ఎప్పుడు విత్తాలని ఊరంతా నన్నే అడుగుతుంది. నాది వాతావరణ శాఖ కాదంటే నమ్మరు.

పీహెచ్‌డీ సీటుకు నెట్ లేదా గేట్ పరీక్ష రాయాలి. గోవాలోని జాతీయ ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రంలోనే ఈ పని ఎక్కువ. పర్మనెంట్ ఉద్యోగాలు తక్కువ, మొదట్లో కాంట్రాక్టు మీద నెట్టుకురావాలి, అది దాచను.

అమ్మాయిని లెక్కలు, పైథాన్ ప్రోగ్రామింగ్ వదలొద్దనండి. ఆర్గో ఫ్లోట్లని, సముద్రంలో వదిలేసిన తేలే పరికరాలు ఉన్నాయి. పది రోజులకోసారి 2000 మీటర్ల లోతు నుంచి పైకొస్తూ వేడి, ఉప్పు కొలిచి ఉపగ్రహానికి పంపుతాయి. ఆ డేటా అందరికీ ఉచితం, మన హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ కూడా ఇస్తుంది. ఈ సెలవుల్లో ఒక్క ఫ్లోట్‌ది తీసుకుని గ్రాఫ్ గీయమనండి. విసుగు రాకపోతే ఎమ్మెస్సీకి అప్లికేషన్ పెట్టించండి.