సింగపూర్ వెళ్లే ముందు నీ ఫోన్ సంగతి

చి. ల. సౌ. సింధుకు పెద్దమ్మ ఆశీస్సులు.

వచ్చే నెలలో నాలుగు రోజుల పాటు నువ్వొక్కదానివే సింగపూర్ వెళ్తున్నావని నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. సొంత సంపాదనతో టిక్కెట్టు కొనుక్కుని, వీసా పనులన్నీ నువ్వే చక్కబెట్టుకుని బయల్దేరుతున్నావంటే నాకు ఎంత గర్వంగా ఉందో చెప్పలేను. మా రోజుల్లో మీ అమ్మా నేనూ విజయవాడ నుంచి తిరుపతి వెళ్లాలన్నా తోడు ఎవరు దొరుకుతారా అని ఎదురుచూసేవాళ్లం. అయితే ఆ వెంటనే మీ అమ్మ చెప్పిన రెండో మాట విన్నప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. ఇంటర్నెట్‌కు ఏం ఏర్పాటు చేసుకున్నావని అడిగితే, "అక్కడ దిగాక ఏదో ఒక ఈసిమ్ కొనుక్కుంటాను, అదెంత పని" అన్నావట. నిజమే, పెద్ద పనేమీ కాదు. కానీ నువ్వు దిగేది అర్ధరాత్రి దాటాక, ఆ వేళకు మెట్రో రైళ్లు ఉండవు, ఆ ఊళ్లో నీకు తెలిసినవాళ్లు ఎవరూ లేరు. అందుకని వాట్సాప్‌లో ముక్కలు ముక్కలుగా చెప్పకుండా కూర్చుని రాస్తున్నాను. విసుక్కోకుండా చివరిదాకా చదువు.

ముందుగా తేలిక విషయాలు. ఈసిమ్ అంటే ఫోన్ లోపలే అతికి ఉన్న చిప్పులోకి ఇంటర్నెట్ ద్వారా దింపుకునే కనెక్షన్. ఏ ఫోన్‌లోనైనా *#06# కొట్టినప్పుడు ఈఐడీ అనే 32 అంకెల సంఖ్య కనబడితే ఆ ఫోన్‌కు ఈ సౌకర్యం ఉన్నట్టే. నీకు ఆ పరీక్ష కూడా అక్కర్లేదు, ఎందుకంటే నీ చేతిలో ఉన్నది మీ అన్నయ్య డల్లాస్ నుంచి తెచ్చి ఇచ్చిన ఐఫోన్. 2022లో వచ్చిన 14వ మోడల్ నుంచి అమెరికాలో అమ్మే ఐఫోన్లకు సిమ్ పెట్టే ట్రేయే లేదు. అంటే ఇప్పుడు నువ్వు వాడుతున్న మన నంబరు కూడా ఆ ఫోన్‌లో ఈసిమ్‌గానే ఉంది. ఈ మాట గుర్తుపెట్టుకో, నా బెంగ అంతా దాని గురించే.

కొనేటప్పుడు ధర ఒక్కటే చూడకు. విదేశీ సిమ్‌లను మన దేశంలో అమ్మాలంటే టెలికాం శాఖ అనుమతి ఉండాలి. అది లేదన్న కారణంగానే 2024 జనవరిలో ఎయిరాలో, హోలాఫ్లై యాప్‌లను మన దేశపు యాప్ స్టోర్ల నుంచి తీసివేయించారు. కాబట్టి అనుమతి ఉన్న అమ్మకందారు దగ్గరే కొను, పాస్‌పోర్టు వివరాలు అడిగితే అడగనీ. నీ నంబరు ఉన్న కంపెనీవాళ్ల రోమింగ్ ప్యాక్, అంటే విదేశంలో కూడా మన నంబరునే వాడుకోనిచ్చే పథకం, దాని ధర కూడా పక్కన పెట్టుకుని పోల్చి చూడు. తేడా కొద్దిపాటిదే అయితే రెండో లైన్ గొడవ లేకుండా దానితోనే వెళ్లిపో, నా ఓటు దానికే. తేడా ఎక్కువైతే ఈసిమ్ కొనుక్కో, వద్దనను. కొన్ని పథకాలకు ఫోన్‌లో దింపుకున్న క్షణం నుంచే రోజుల లెక్క మొదలవుతుంది, మరికొన్నింటికి అక్కడి నెట్‌వర్క్ అందుకున్నాక మొదలవుతుంది. ముందుగానే దింపుకుని ఉంచుకోవాలి కాబట్టి నీకు కావలసింది రెండో రకం. అన్‌లిమిటెడ్ అని రాసినవాటిలో చాలావాటికి రోజుకు ఇంత అని ఒక హద్దు ఉంటుంది, అది దాటితే వేగం పడిపోతుంది. మ్యాపులకు, వాట్సాప్ మాటలకు, ఫోటోలు పంపుకోవడానికి అయితే రోజుకు ఒక జీబీ ధారాళంగా సరిపోతుంది. ఇవి చాలావరకు డేటా మాత్రమే ఇస్తాయి, ఫోన్ నంబరు ఇవ్వవు. అందుకని ట్యాక్సీ కోసం గ్రాబ్ యాప్‌ను ఇక్కడ ఉండగానే పెట్టుకుని మన నంబరుతో నమోదు చేసుకో.

దింపుకోవడం ఇంట్లోనే, ప్రయాణానికి రెండు మూడు రోజుల ముందే, వైఫై మీద చెయ్యి. వాళ్లు పంపిన క్యూఆర్ కోడ్‌ను ల్యాప్‌టాప్‌లో తెరిచి ఫోన్‌తో స్కాన్ చేస్తే చాలు. ఆ కోడ్ సాధారణంగా ఒక్కసారికే పనికొస్తుంది. విమానాశ్రయంలో వరుసలో నిలబడి, ఒక చేత్తో సూట్‌కేసు పట్టుకుని చేసే పని కాదు ఇది.

ఇక అసలు సంగతి. ఇది మీ అమ్మకు కూడా పూర్తిగా తెలియదు, ఎందుకంటే మీ పెదనాన్నకు చెప్పుకోవడం ఇష్టం ఉండదు. నీ ప్రయాణం గురించి విన్నాక ఆయనే "దానికి రాయి, పరవాలేదు" అన్నారు కనుక రాస్తున్నాను.

మేం కిందటిసారి సింగపూర్ వెళ్లినప్పుడు ఆయన దగ్గర ఉన్నదీ మీ అన్నయ్య తెచ్చిన అమెరికా ఫోనే. మన నంబరు ఒక ఈసిమ్, ప్రయాణానికి కొన్నది ఇంకొక ఈసిమ్. ఫోన్ వాటిలో ఒకదానికి ప్రైమరీ అని, రెండోదానికి సెకండరీ అని పేర్లు చూపిస్తుండేది, ఆయన వాటిని మార్చుకోలేదు. ఒక రోజు పొద్దున్నే డేటా అయిపోయింది. హోటల్ వైఫై మీద మరొకటి కొన్నారు. కొత్తది వచ్చి చేరగానే ఖర్చయిపోయినదాన్ని ఇంకా ఎందుకు ఉంచుకోవాలనుకున్నారు. ఆయన సంగతి నీకు తెలుసు కదా, ఖాళీ అగ్గిపెట్టెను కూడా ఇంట్లో ఉండనివ్వరు. సెట్టింగ్స్‌లోకి వెళ్లి, ఒక లైన్ తెరిచి, అడుగున ఎర్ర అక్షరాలతో ఉండే డిలీట్ ఈసిమ్ అన్నదాన్ని నొక్కారు. నిజంగా తీసెయ్యమంటారా అని ఫోన్ అడిగింది కూడా. కళ్లజోడు మంచం పక్కన ఉంది, ఆయన కిటికీ దగ్గర ఉన్నారు. అవునని నొక్కారు. పోయింది వాడేసిన డేటా లైన్ కాదు, ఏళ్ల తరబడి ఆయన బ్యాంకు ఖాతాలన్నింటికీ, ఆధార్‌కూ జోడించి ఉన్న మన నంబరు.

ఆ సంగతి చాలాసేపు మాకు తెలియనే లేదు. ఒకసారి నమోదయ్యాక వాట్సాప్‌కు డేటా ఉంటే చాలు కనుక అది ఎప్పటిలాగే నడుస్తూనే ఉంది. సెరంగూన్ రోడ్డులోని శ్రీనివాస పెరుమాళ్ గుడికి వెళ్లి, దర్శనం చేసుకుని బయటికి వచ్చేసరికి గుంటూరు నుంచి మా పెద్ద ఆడపడుచు కొడుకు సందేశం పెట్టి ఉన్నాడు. ఆమెను ఉన్నట్టుండి ఆస్పత్రిలో చేర్చారట, అడ్వాన్సు కట్టాలి, కొంత సర్దగలవా మామయ్యా అని. ఈయన యూపీఐ యాప్ తెరిస్తే, ఖాతాకు జోడించిన సిమ్ ఫోన్‌లో లేదని మొరాయించింది. నెట్ బ్యాంకింగ్‌లోకి వెళ్తే ఓటీపీ పంపామంది, వచ్చి చేరడానికి నంబరే లేదు. నా ఫోన్ నుంచి కంపెనీవాళ్లతో మాట్లాడితే, ఈసిమ్ మళ్లీ ఇవ్వాలంటే అదే నంబరుకు సందేశం పంపి సరిచూసుకోవాలని, అది కుదరకపోతే గుర్తింపు కార్డుతో షోరూముకు స్వయంగా రావాలని మర్యాదగానే చెప్పారు. మాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. నా ఖాతాలో ఉన్నంత నేను పంపించాను. మిగిలినది, అప్పటికి డల్లాస్‌లో పడుకునే వేళ అయినా, మీ అన్నయ్య తన ఇక్కడి ఖాతా నుంచి సర్దాడు. మీ పెదనాన్న మాత్రం గుడి ముందు ఎండలోనే నిలబడి, ఆ సెట్టింగ్స్ పేజీని మళ్లీ మళ్లీ తెరిచి, పోయిన లైన్ ఎక్కడైనా కనబడుతుందేమోనని వెతుకుతూనే ఉన్నారు.

తిరిగి వచ్చి బందరు రోడ్డులోని షోరూములో ఆధార్ ఇచ్చి, ఫోటో దిగి, నంబరు తెచ్చుకున్నాక కూడా ఒక రోజంతా ఎస్సెమ్మెస్‌లు రాలేదు. సిమ్ మార్చిన తర్వాత 24 గంటల పాటు సందేశాలు ఆపి ఉంచాలని మోసాలను అరికట్టడానికి పెట్టిన నియమం అది. బ్యాంకులో పనిచేసినదాన్ని కనుక ఆ నియమం ఎంత అవసరమో నాకు తెలుసు. మా ఆడపడుచు వారం తిరక్కుండానే కోలుకుంది. అయినా చిన్నప్పుడు తనను ఎత్తుకుని తిప్పిన అక్కకు ఆ పూట తన చేతి డబ్బు అందలేదన్న బాధ ఆయనకు ఇప్పటికీ పోలేదు.

కాబట్టి తల్లీ, సింగపూర్‌లో ఉన్నన్నాళ్లూ ఆ డిలీట్ జోలికి పోకు. డేటా అయిపోయిన లైన్‌ను ఆపాలంటే టర్న్ ఆన్ దిస్ లైన్ అన్న మీటను ఆఫ్ చేస్తే చాలు, తీసెయ్యడం హైదరాబాద్ వచ్చాక పట్టపగలు తీరికగా చేసుకోవచ్చు. లైన్ల పేర్లు మాత్రం ఇప్పుడే మార్చు. మన నంబరుకు "ఇల్లు" అని, ప్రయాణపు దానికి "సింగపూర్" అని పెట్టు. తెలుగు అక్షరాల్లోనే రాసుకోవచ్చు.

ఆ తర్వాత మొబైల్ డేటాకు "సింగపూర్" లైన్‌ను, కాల్స్‌కు "ఇల్లు" లైన్‌ను ఎంచుకో. డేటా రోమింగ్ మీట "సింగపూర్" లైన్‌కు ఆన్‌లో, "ఇల్లు" లైన్‌కు ఆఫ్‌లో ఉండాలి. రోమింగ్ అన్న మాట చూడగానే బిల్లు భయంతో రెండూ ఆపేసేవాళ్లను చాలామందిని చూశాను. ప్రయాణపు ఈసిమ్ చాలాసార్లు ఇంకో దేశపు కంపెనీది అయి ఉంటుంది, సింగపూర్ నెట్‌వర్క్ మీద అది కూడా చుట్టపుచూపుగా వచ్చినదే. రోమింగ్ ఆన్ చేయకపోతే సిగ్నల్ గీతలు కనబడతాయి గానీ నెట్ రాదు. అలౌ మొబైల్ డేటా స్విచింగ్ అన్నది కూడా ఆఫ్ చెయ్యి, లేకపోతే సిగ్నల్ తగ్గినప్పుడు ఫోన్ తనంతట తాను రెండో లైన్ మీదికి వెళ్లాలని చూస్తుంది. ఐక్లౌడ్ ఫోటోలు మొబైల్ డేటా మీద ఎక్కకుండా ఆపు, నువ్వు తీసే వీడియోలకు ఏ ప్యాకూ నిలవదు.

"ఇల్లు" లైన్ ఆన్‌లోనే ఉండాలి, దాని మీద ఓటీపీలు రావాలి. బయల్దేరే ముందే కంపెనీవాళ్లకు ఫోన్ చేసి అంతర్జాతీయ రోమింగ్ చేయించుకో. వచ్చే ఎస్సెమ్మెస్‌కు ఛార్జీ ఉందా, కాల్ ఎత్తితే నిమిషానికి ఎంత అని అడిగి తెలుసుకో, అక్కడ అనవసరంగా కాల్ ఎత్తకు. సింగపూర్‌లో 2జీ 2017లోనే ఆపేశారు, 3జీ 2024లో పోయింది, అందుకని 4జీ మీద కాల్స్ నడిపించే వోల్టీ ఆన్‌లో ఉందో లేదో చూసుకో, మీ అమ్మ పాత ఫోన్‌ను జతగా పట్టుకెళ్లాలని అనుకోకు. బ్యాంకు కార్డుకు విదేశాల్లో వాడుక కూడా ఇక్కడ ఉండగానే తెరిపించుకో. ఇంకొకటి, ఈలోగా ఎవరైనా ఫోన్ చేసి మీ సిమ్‌ను ఈసిమ్‌గా మారుస్తామని, వచ్చిన సందేశానికి ఒప్పుకోమని అడిగితే వెంటనే ఫోన్ పెట్టెయ్యి. ఆ ఒక్క అంగీకారంతో నంబరు వాళ్ల ఫోన్‌లోకి వెళ్లిపోతుంది, ఆ వెనకాలే ఖాతా ఖాళీ అవుతుంది. అలా జరిగితే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చెయ్యాలి, కానీ అంతదాకా రానివ్వకు.

జొహోర్ బహ్రు కూడా చూసి వస్తానన్నావట. ఉడ్‌లాండ్స్ దగ్గర ఉన్న వంతెన కిలోమీటరు పొడవే, కానీ దాటితే మలేషియా. సింగపూర్ ఒక్కదానికే కొన్న ఈసిమ్ అక్కడ మూగబోతుంది, ఈ ఒడ్డున ఉండగానే ఫోన్ ఆ ఒడ్డు టవర్‌ను అందుకోవడమూ ఉంది. వెళ్లేది ఖాయమైతే రెండు దేశాలూ ఉన్న పథకం కొను. నన్నడిగితే మొదటిసారికి సింగపూర్ చాలు.

దిగిన రాత్రి ఎలా ఉండాలో కూడా చెప్తాను. చాంగీ విమానాశ్రయంలో ఉచిత వైఫై ఉంది, ఈసిమ్ మొరాయిస్తే దాని మీద సరిచేసుకునే వరకు బయటికి రాకు. ఒకసారి ఎయిర్‌ప్లేన్ మోడ్ వేసి తీస్తే చాలాసార్లు దారికొస్తుంది. అప్పటికీ రాకపోతే యాప్ అవసరం లేని ట్యాక్సీ స్టాండు అక్కడే ఉంది. అర్ధరాత్రి నుంచి ఉదయం 6 గంటల వరకు మీటరు మీద సగం అదనం తీసుకుంటారు, ఇచ్చెయ్యి, ఆ డబ్బు నేనిస్తాను. వీసా, హోటల్ చిరునామా, ప్రయాణానికి మూడు రోజుల్లోపు నింపాల్సిన ఎస్‌జీ అరైవల్ కార్డు రసీదు, ఇవన్నీ నెట్ లేకపోయినా తెరుచుకునేలా ఫోన్‌లో దాచుకో, సింగపూర్ మ్యాపు కూడా దింపి ఉంచుకో. పోలీసులకు 999, అంబులెన్సుకు 995, మన హైకమిషన్ ఉన్నది గ్రేంజ్ రోడ్డులో. వీటిని, మా ఇద్దరి నంబర్లను కాగితం మీద రాసుకుని పాస్‌పోర్టులో పెట్టుకో. ఫోన్‌లో ఉన్నాయి కదా అనకు.

ఈసిమ్ దింపుకున్న రోజునే "ఇల్లు", "సింగపూర్" అన్న రెండు పేర్లూ, రోమింగ్ మీటలూ కనబడేలా స్క్రీన్‌షాట్లు తీసి నాకు పంపు. నేనూ మీ పెదనాన్నా ఇద్దరం చూసి సరేనన్నాకే సూట్‌కేసు సర్దుకోవడం మొదలుపెట్టు.

ప్రేమతో,
నీ పెద్దమ్మ