నాన్నగారి వీణలు ఆయన తర్వాత ఎవరికి? మా రెండిళ్లలో జరిగింది చెబుతాను

నాన్నగారికి 74 ఏళ్లు, ఇంట్లో రెండు వీణలు, ఒక పాత వయొలిన్ ఉన్నాయన్నారు. మీకు వాయించడం రాదు, తమ్ముడు అమెరికాలో ఉన్నాడు. ఆయన తర్వాత వీటిని ఏం చేయాలి, అసలు ఈ మాట ఆయన ముందు ఎలా ఎత్తాలి అన్నది మీ ప్రశ్న. తిరుపతిలో మా అత్తయ్య ఏమీ రాయకుండా పోయాక మేం పడిన బాధ, చిత్తూరులో మా నాయన అన్నీ తేల్చి వెళ్లిన తీరు, రెండూ చూసినదాన్ని కాబట్టి చెబుతున్నాను.

అత్తయ్య గోవిందరాజస్వామి గుడి దగ్గర ఇంట్లోనే ముప్పై ఏళ్లు వీణ నేర్పారు. ఒకే పనస మొద్దులో తొలిచిన బొబ్బిలి వీణ ఒకటి, తంజావూరు వీణ ఇంకొకటి, ఒక తంబురా ఉండేవి. ఆమె పోయాక కర్మలకు అందరూ వచ్చారు. ఎవరిని కదిలించినా "ప్రస్తుతానికి మీ దగ్గరే ఉండనీ" అన్నారు. ఆ దుఃఖంలో ఎవరికీ తేల్చాలనిపించలేదు. గుడ్డ చుట్టి అటక మీద పెట్టేశాం. తీగలు వదులు చేయాలని కూడా నాకు తెలీదు.

రెండు ఎండాకాలాలు గడిచాయి. తిరుపతి మే నెల సంగతి మీకు చెప్పక్కర్లేదు. వీణకు ఉండే 24 మెట్లు, అంటే తీగను నొక్కి వాయించే అడ్డ పట్టీలు, మైనంలో కూర్చుని ఉంటాయి. దించి చూస్తే మైనం మెత్తబడి పక్కకు జారింది, మెట్లు కదిలిన పళ్లలా తలో వైపు వాలిపోయాయి. సంచిలో ఒక చిన్న డబ్బా, అందులో అత్తయ్య దాచుకున్న మైనం ముద్ద, నాలుగుగా మడిచిన కాగితం ఉన్నాయి. సారణి, పంచమం, మంద్రం, అనుమంద్రం అని తీగల పేర్లు రాసి, ఎదురుగా ఏ తీగ ఏ సైజు వేయాలో నంబర్లు వేసుకున్నారు. చివరి లైను మాత్రం వేరే ఇంకుతో: "పెద్దది అమ్మాయికి."

ఏ అమ్మాయికి? మా వదినను అత్తయ్య అమ్మాయీ అనే పిలిచేవారు. పద్నాలుగేళ్లు మా ఇంటికొచ్చి నేర్చుకున్న శిష్యురాలిని కూడా అలాగే పిలిచేవారు. "నా తర్వాత ఇది నీదేనమ్మా" అన్నారని వదిన అంది. ఆ అమ్మాయికీ అదే మాట చెప్పారట. ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పేవాళ్లు కాదు. వదిన ఏడాదికి పైగా మా గడప తొక్కలేదు. మెట్లన్నీ పీకించి, కొత్త మైనంతో మళ్లీ కట్టించాక, బొబ్బిలి వీణ వదిన తీసుకుంది, తంజావూరుది శిష్యురాలికి ఇచ్చాం. తంబురాను మంచి మనసుతోనే ఒక సంస్థకు ఇచ్చాం. తర్వాతెప్పుడో అటు వెళ్తే గోడ కారుతున్న గదిలో, విరిగిన కుర్చీల పక్కన, కుండ పగిలి కనిపించింది. ఎవరు వాయిస్తారు, ఎవరు చూసుకుంటారు అని ఇచ్చే ముందు మేం అడగలేదు. అది తలచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

అందుకే ఒక్క మాట నొక్కి చెబుతున్నాను. వాయిద్యం ఎవరికి చెందాలన్నది ఒక్కటే తేల్చుకుంటే సరిపోదు. ఎవరు వాయిస్తారో నాన్నగారి చేతనే, ఆయన బాగున్నప్పుడే, పేరుతో సహా చెప్పించండి. ఆ మనిషిని కూడా ముందే అడగండి, వాళ్లింట్లో చోటు, ఓపిక ఉన్నాయో లేదో. అన్నమయ్య కీర్తనలు చెక్కిన తాళ్లపాక వారి రాగిరేకులు తిరుమల గుడిలో అరలో శతాబ్దాలు ఉండి, 1922లో వెలుగులోకి వచ్చాయి. రాగి కాబట్టి ఆగింది. పనస కర్ర, మైనం అన్నేళ్లు ఆగవు.

చట్టం విషయానికి వస్తే, వీలునామా లేకపోతే 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం తండ్రి స్వార్జితంలో భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు, ఆయన తల్లి ఉంటే ఆమెకు సమాన వాటాలు వస్తాయి. ఎంత ప్రియమైన శిష్యులకైనా ఏమీ రాదు. మీ నాన్నగారి మనసులో శిష్యులెవరైనా ఉంటే కాగితం తప్పనిసరి. తెల్ల కాగితం చాలు, స్టాంపు పేపర్ అక్కర్లేదు. ఆయన సంతకం, ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలి. వాయిద్యం అందుకోబోయేవాళ్లను సాక్షులుగా పెట్టకండి, తర్వాత అనవసరపు మాటలు వస్తాయి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ మా నాయన సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లి చేయించారు, మాకు ఏ టెన్షన్ లేకపోయింది. "నా వీణ" అని ఊరికే రాయకుండా గుర్తులు, ఫోటో, ఎక్కడ కొన్నదీ రాయించండి.

ఒక వీణ మీద తెల్ల నగిషీ ఉందని, అది దంతమని అమ్మమ్మ అనేవారని రాశారు. ఇక్కడ చాలా జాగ్రత్తగా ఉండాలి. ప్లాస్టిక్కో, ఎముకో కూడా కావచ్చు, ముందు తెలిసినవాళ్లకు చూపించండి. నిజంగా ఏనుగు దంతమైతే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి వస్తుంది, అమ్మడం నేరం. వారసత్వంగా వస్తే 90 రోజుల్లోగా అటవీ శాఖకు తెలియజేయాలి. అందుకని ఆ వీణను ఇప్పుడే ఎవరికో ఇచ్చేయకుండా లాయరును, అటవీ శాఖ వాళ్లను అడిగి ముందుకు వెళ్లండి. తమ్ముడు అమెరికా తీసుకెళ్తానంటే ఇంకో సంగతి. వందేళ్లు దాటిన వస్తువును మనలాంటివాళ్లం దేశం దాటించడానికి చట్టం ఒప్పుకోదు. వీణ వయసు ఎంతో నాన్నగారికే తెలుస్తుంది, అడిగి రాసి పెట్టుకోండి.

వయొలిన్ లోపల స్ట్రాడివేరియస్ అని చీటీ ఉంటే కోట్లు అనుకోవద్దు. ఆయన 1737లో పోయాడు. ఆ పేరుతో చీటీ అంటించిన ఫ్యాక్టరీ వయొలిన్లు లెక్కలేనన్ని. మా నాయన వయొలిన్‌లోనూ అదే చీటీ. బాగుచేసే మనిషికి చూపిస్తే మామూలు జర్మన్ వయొలిన్ అని తేలింది. దాని నాదం మాత్రం మామూలుది కాదు.

మాట ఎలా ఎత్తాలంటే, "మీ తర్వాత" అని మొదలుపెట్టకండి. "దీన్ని ఎక్కడ కొన్నారు నాన్నా, ఎవరు చేశారు?" అని అడగండి. మా నాయనను నేను 2018లో అలాగే అడిగాను. మధ్యాహ్నమంతా చెప్పారు, ఫోన్‌లో రికార్డు చేసుకున్నాను. తీగ బిగించే బిరడాకు ఏ సుద్ద వాడతారో, వాయించే కమానుకు జుట్టు ఎవరు వేస్తారో, అన్నీ. చివర్లో ఆయనే, వయొలిన్ వాయించే ఒక కుర్రాడిని తలచుకుని, "ఇది ఆ పిల్లోడికి ఇయ్యాలమ్మా" అన్నారు.

వీలునామా రాశారు గానీ అక్కడితో ఆగలేదు. ఆ ఏడాది విజయదశమి నాడు తాంబూలంలో పెట్టి వయొలిన్ అతని చేతికి ఇచ్చేశారు. తర్వాతి శ్రీరామనవమికి మా వీధి పందిట్లో ఆ పిల్లాడు దాన్నే వాయించాడు. నాయన ముందు వరుసలో కుర్చీలో కూర్చున్నారు. కచేరీ అయ్యేదాకా ఆయన ఎడమ చేతి వేళ్లు మోకాలి మీద కదులుతూనే ఉన్నాయి.

వీణలు ఇప్పుడు ఎవరూ వాయించకపోతే ఈ వారమే తీగలు కొంచెం వదులు చేయించండి. పూర్తిగా విప్పేయొద్దు. అటక మీద మాత్రం పెట్టకండి.