పీజీటీఐ టూర్‌లో మొదటి సీజన్ ఎలా ఉంటుంది? క్యాడీగా వెళ్లిన అన్నయ్య అనుభవం

డిగ్రీ చదువుతున్న మీ అబ్బాయి ప్రొఫెషనల్ గోల్ఫ్‌లోకి వెళ్తానంటున్నాడని, మొదటి ఏడాది ఎలా ఉంటుందో, డబ్బు వస్తుందో రాదో చెప్పమని అడిగారు. మా తమ్ముడు ప్రొఫెషనల్ గోల్ఫ్ టూర్ ఆఫ్ ఇండియా, అంటే పీజీటీఐలో ఆడిన మొదటి సీజన్‌లో చాలా టోర్నమెంట్లకు క్యాడీగా నేనే బ్యాగు మోశాను కాబట్టి, ఆ అనుభవం మేరకు చెబుతాను.

2006లో ఏర్పడిన ఈ టూర్, మన దేశంలో గోల్ఫ్‌ను వృత్తిగా తీసుకున్నవారికి ప్రధాన వేదికే అయినా, ఆసియన్ టూర్, డీపీ వరల్డ్ టూర్‌ల కంటే కింది మెట్టు. క్వాలిఫయింగ్ స్కూల్ అనే ఎంపిక పోటీలో నెగ్గితే ప్రవేశం దొరుకుతుంది. టోర్నమెంటు సాధారణంగా నాలుగు రోజులు, 72 హోల్స్. శని, ఆదివారాల్లో కోర్సు క్లబ్బు సభ్యులకు కావాలి కాబట్టి, చాలాచోట్ల మంగళవారం మొదలై శుక్రవారం ముగుస్తుంది. రోజుకొకటి చొప్పున రెండు రౌండ్లయ్యాక మొదటి 50 స్థానాలవారు, ఆ యాభయ్యో స్థానంలో సమానంగా నిలిచినవారు మాత్రమే ముందుకు వెళ్తారు. ఈ కట్ దాటనివారికి ప్రైజ్ మనీ ఒక్క రూపాయి కూడా రాదు. ఎంట్రీ ఫీజు, రానుపోను ఛార్జీలు, గది అద్దె, క్యాడీ కూలి అన్నీ చేతి నుంచే పోతాయి.

కోటి రూపాయల టోర్నమెంటు అని పేపర్లో చదివినప్పుడు, అందులో విజేతకు దక్కేది 15 లక్షలని గుర్తుంచుకోండి. అక్కడి నుంచి మొత్తం వేగంగా తగ్గుతూ వస్తుంది. కట్ అంచున దాటిన వారాల్లో మాకు వచ్చినది, పన్ను పోగా, ఆ వారం ఖర్చులకు కాస్త అటూ ఇటూగా సరిపోయేది.

అందువల్ల సీజన్ భారమంతా బుధవారం మధ్యాహ్నం మీద పడుతుంది. పొద్దున్నే టీ టైమ్, అంటే ఆట మొదలుపెట్టే సమయం, వచ్చిన రోజు మా తమ్ముడు పదకొండున్నరకల్లా స్కోర్‌కార్డు మీద సంతకం చేసి వచ్చేవాడు. కట్ ఏ స్కోరు దగ్గర ఆగుతుందో తెలియడానికి సాయంత్రం వరకు ఆగాలి. విశాఖలోని ఈస్ట్ పాయింట్‌లో ఒక బుధవారం, మధ్యాహ్నం సముద్రపు గాలి పెరిగి తరువాతి గ్రూపులు బోగీలు (హోల్‌కు నిర్ణయించిన స్ట్రోకుల, అంటే దెబ్బల, కంటే ఒకటి ఎక్కువ) చేసేకొద్దీ, స్కోర్‌బోర్డు మీద వాడి పేరు కట్ గీతకు కింద నుంచి పైకి, మళ్లీ కిందికి మారుతూ వచ్చింది. చివరికి ఒక్క స్ట్రోకు తేడాతో లోపలే నిలిచింది. ఇక కట్ దాటకపోతే ఇంటికి వెళ్లాల్సిన గురువారం ఏసీ రైలుకు తత్కాల్ బుకింగ్ తెరిచేది బుధవారం ఉదయం పది గంటలకు, అంటే వాడింకా కోర్సు మీద ఉండగానే. కన్ఫర్మ్ అయిన తత్కాల్ టికెట్టు రద్దు చేస్తే డబ్బు తిరిగి రాదు. అయితే ఆ డబ్బు కోసం కాదు, ఇంటికి టికెట్టు కొన్నారని తెలిసిన మనసుతో వాడు పట్ (గ్రీన్ అనే పొట్టి గడ్డి మీద బంతిని గుంతలోకి దొర్లించే దెబ్బ) చేయకూడదన్న ఒకే కారణంతో, ముందుగా కొనవద్దని నాన్నగారు గట్టిగా చెప్పారు. ఎక్కువ డబ్బు పెట్టి రాత్రి బస్సుల్లో తిరిగి వచ్చిన సందర్భాలున్నాయి గానీ, ఆ నిర్ణయం సరైనదేనని నేను నేటికీ నమ్ముతున్నాను.

ఒక కోర్సుకూ మరో కోర్సుకూ పోలిక ఉండదు. హైదరాబాద్‌లో గోల్కొండ కోట నయా కిలాలోని కోర్సులో ఆడి పెరిగినవాడికి అస్సాంలోని డిగ్బోయ్ వేరే లోకం. అక్కడి తేమలో గ్రిప్పు జారుతుంది, అడవి అంచుకు వెళ్లిన బంతిని వెతకడానికి నిబంధనల ప్రకారం మూడు నిమిషాలే ఉంటాయి. జంషెడ్‌పూర్‌లో బెల్దీ, గోల్మురీ అనే రెండు కోర్సుల మీద ఆడాలి. కోల్‌కతాలో మాత్రం స్థానిక క్యాడీని పెట్టుకుని నేను ప్రేక్షకుల్లా తాళ్లకు బయట నిలబడ్డాను. గ్రీన్ మీద గడ్డి ఎటు వాలి ఉందో, సాయంత్రానికి పట్ ఎంత నెమ్మదిస్తుందో ఆ పెద్దాయన చూడగానే చెప్పేవారు. అలాంటి చోట క్యాడీ కూలి ఆదా చేయాలని చూడకండి.

మీ అబ్బాయి స్థాయిని మొదటి ఏడాది సంపాదనతో కొలవకండి. ప్రతి టోర్నమెంటులోనూ కట్ ఏ స్కోరు దగ్గర పడింది, వాడి స్కోరు దానికి ఎన్ని స్ట్రోకుల దూరంలో ఉంది అన్నది ఒక పుస్తకంలో రాసుకోండి. సీజన్ గడిచేకొద్దీ ఆ దూరం తగ్గుతుంటే వాడు ఎదుగుతున్నట్టే. అలాగే ఒక్క పైసా రాదనుకుని ఏడాది మొత్తానికి సరిపడే డబ్బు ముందే విడిగా ఉంచండి. వచ్చే వారం గది అద్దె తలచుకుంటూ ఆరడుగుల పట్ ముందు నిలబడితే చేతులు ఎలా బిగుసుకుపోతాయో నేను పక్కనే ఉండి చూశాను. ఆ డబ్బు ఇప్పుడు సమకూరకపోతే, డిగ్రీ పూర్తిచేసి, అమెచ్యూర్ టోర్నమెంట్లు ఆడుతూ మరో రెండేళ్లు ఆగమని వాడితో చెప్పండి.