కదలిక గురించి రాసేటప్పుడు: ఒక యువ రచయితకు లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం చదివాను. శరీరం పనితీరు గురించి తెలుగులో ఇంత ఇష్టంగా రాసేవాళ్లు తక్కువ. అందుకే పైపైన మెచ్చుకుని ఊరుకోకుండా వివరంగా రాస్తున్నాను.

'మెదడు ఆజ్ఞ ఇస్తుంది, కండరాలు పాటిస్తాయి' అని మొదలుపెట్టావు. ఆ వాక్యం తీసెయ్యి. వినడానికి బాగానే ఉంది కానీ, దాని వెనక వచ్చిన పేరాలన్నీ దారి తప్పాయి. నువ్వు రాసినట్టు మెదడు ప్రతి కండరానికీ విడివిడిగా చెప్పుకుంటూ కూర్చుంటే మనం గ్లాసెడు మంచినీళ్లు కూడా తాగలేం.

1920ల్లో నికొలాయ్ బెర్న్‌స్టెయిన్ అనే సోవియట్ శాస్త్రవేత్త మాస్కోలోని ఒక పరిశోధన సంస్థలో పనిచేసేవాడు. ఉలి మీద సుత్తితో కొట్టే కార్మికుల చేతులకు చిన్న బల్బులు కట్టి, ఆ వెలుగు జాడలను ఫొటోలు తీశాడు. వాళ్లు ఆ పనిలో చెయ్యి తిరిగినవాళ్లు. సుత్తి ప్రతిసారీ దాదాపు ఒకే చోట పడుతోంది. భుజం, మోచేయి, మణికట్టు మాత్రం ఏ రెండు దెబ్బలకూ అచ్చంగా ఒకేలా కదలడం లేదు. భుజం కాస్త పక్కకు పోతే మోచేయి సర్దుకుంటోంది. రాసిపెట్టుకున్న ఆజ్ఞనే మెదడు మళ్లీ మళ్లీ పంపుతుంటే ఇలా జరగదు కదా! ఇన్ని కీళ్లను, ఇన్ని కండరాలను నాడీవ్యవస్థ ఒక్క పనికి ఎలా కూడగడుతుంది? ఆయన్ను జీవితమంతా వెంటాడిన ప్రశ్న అది. నీ వ్యాసం కూడా దాని చుట్టూనే తిరగాలి.

అప్పుడు వెన్నుపాముకు దక్కాల్సిన చోటు దక్కుతుంది. నువ్వు దాన్ని వట్టి వైరులా చూపించావు, నాకు బాధేసింది. మోచేయి మడిచినప్పుడు పైచేయి ముందువైపు కండరం బైసెప్స్ బిగుస్తుంటే వెనకనున్న ట్రైసెప్స్ వదులవుతుంది. ఆ జతను కుదిర్చే నాడీకణాలు వెన్నుపాములోనే ఉన్నాయి. బ్రిటిష్ నాడీ శాస్త్రవేత్త షెరింగ్టన్ దీన్ని ఎంతో ఓపికగా పరిశోధించాడు. అలాగని ఎప్పుడూ అంతేనని రాయకు. నిండు గ్లాసు ఒలకకుండా పట్టుకున్నప్పుడు రెండూ కలిసి బిగుసుకోవచ్చు.

బలం సంగతీ అంతే. 1965లో అమెరికన్ శాస్త్రవేత్త హెన్నెమన్ బృందం చూపించిన క్రమం నాకు చాలా ఇష్టం. కాగితం ఎత్తినా, నీళ్ల బిందె ఎత్తినా ముందు పనిలోకి దిగేవి వెన్నుపాములోంచి కండరాలను కదిలించే నాడీకణాల్లో చిన్నవే. అవి కాసిని కండర పోగులనే కదిలిస్తాయి. బరువు పెరిగేకొద్దీ పెద్ద కణాలు వచ్చి కలుస్తాయి. ఏ పోగును ఎప్పుడు పిలవాలో మెదడు ఒక్కొక్కటిగా ఎంచుకోనక్కర్లేదు, కణాల పరిమాణమే చాలావరకు ఆ వరసను నిర్ణయిస్తుంది.

మరి మెదడు చేసేదేమిటి? ముందుగా ఊహించడం. కంటితో చూసి చేతిని సరిదిద్దుకోవాలంటే సెకనులో పదో వంతు పైనే పడుతుంది, వేగంగా కదిలే చేతికి అది చాలా ఆలస్యం. ఇది రాసేముందు నువ్వే చేసి చూడు. అరచేతి మీద బరువైన పుస్తకం పెట్టుకుని, రెండో చేత్తో నువ్వే తియ్యి. కింది చెయ్యి దాదాపు కదలదు. అదే పుస్తకాన్ని మీ అమ్మగారిని ఉన్నట్టుండి తియ్యమను, చెయ్యి పైకి లేస్తుంది. నువ్వే తీసినప్పుడు బరువు పోయే క్షణం నీ నాడీవ్యవస్థకు ముందే తెలుసు, అందుకే కండరాన్ని ఆ క్షణానికి సరిగ్గా వదులు చేస్తుంది. నిలబడి చెయ్యి చటుక్కున పైకెత్తినా ఇలాంటిదే జరుగుతుంది. భుజం కండరం కన్నా ముందే తొడ వెనక కండరం బిగుసుకుంటుందని 1967లో సోవియట్ శాస్త్రవేత్తలు రికార్డు చేశారు. లేకపోతే ఒళ్లు తూలుతుంది.

తల వెనక అడుగు భాగాన ఉండే చిన్నమెదడును ఇక్కడికి తీసుకురా, మొదటి పేజీలో వద్దు. మొదటి ప్రపంచ యుద్ధంలో అక్కడ తూటా గాయాలైన సైనికులను బ్రిటిష్ నాడీవైద్యుడు గోర్డన్ హోమ్స్ పరీక్షించాడు. వాళ్ల చేతులు చచ్చుబడలేదు. కానీ అందుకోబోయిన వస్తువును దాటిపోయేవి, భుజం, మోచేయి కలిసి కదలాల్సిన చోట ఒకదాని తర్వాత ఒకటి కదిలేవి. కదలడానికి బలం ఒక్కటే చాలదని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

రసాయనాల పేర్లున్న పేజీ మొత్తం తీసెయ్యి, ఈ వ్యాసానికి వాటి అవసరం లేదు. సుత్తి దగ్గర మొదలుపెట్టి తిరగరాసి పంపు. పుస్తకంతో చేసిన పరీక్షలో నువ్వు గమనించినది నీ మాటల్లోనే ఉండాలి.