రాజ్యాంగంతో మామూలు మనిషికి ఏం పని?

ఓటేస్తున్నాం, ప్రభుత్వాలు వస్తున్నాయి, మధ్యలో రాజ్యాంగంతో మనకేం పని అని అడిగారు కాబట్టి ఒక్క ఆర్టికల్ పట్టుకుని చెప్తాను, 22.

రాత్రి పదింటికి పోలీసులు మీ తమ్ముణ్ణి అరెస్టు చేశారనుకోండి. ఎందుకు చేశారో అతనికి చెప్పాలి, తనకు నచ్చిన లాయరుతో మాట్లాడనివ్వాలి, ప్రయాణ సమయం పోగా 24 గంటల్లోపు మేజిస్ట్రేట్ ముందు హాజరుపరచాలి. ఇది ఎస్సై గారి దయ కాదు, హక్కు. డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు 1996లో ఇంకాస్త ముందుకెళ్లి, అరెస్ట్ మెమోలో, అంటే అరెస్టు చేసేటప్పుడు పోలీసులు రాసే కాగితంలో, తేదీ, టైమ్ వేయాలని, ఇంట్లోవాళ్లో ఆ ప్రాంతంలో పెద్దమనిషో సాక్షిగా సంతకం పెట్టాలని చెప్పింది. ఆ టైమ్ ముందు చూడండి. నిజంగా తీసుకెళ్లిన టైమ్‌కీ దానికీ తేడా ఉంటే మేజిస్ట్రేట్‌కి అక్కడే చెప్పాలి. లాయరుకి డబ్బుల్లేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా పెడుతుంది. ముందస్తు నిర్బంధ చట్టాల కింద, అంటే ముందు ముందు ఏదైనా చేస్తారేమోనని, పట్టుకుంటే మాత్రం ఈ 24 గంటల రక్షణ వర్తించదు, నా దృష్టిలో అది పెద్ద లోటే.

మరి ఓటు ఒక్కటే చాలదా అంటే, చాలదు. ఎమర్జెన్సీ పెట్టిందీ ఎన్నికైన ప్రభుత్వమే కదా. నిర్బంధంలో ఉన్నవాళ్లు విడుదల కోసం కోర్టుకెళ్లే వీల్లేదని 1976లో సుప్రీంకోర్టే తీర్పిచ్చింది, ఐదుగురు జడ్జీల్లో హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే ఒప్పుకోలేదు. ఆ దెబ్బ తిన్నాకే 1978లో 44వ సవరణ వచ్చి, ఎమర్జెన్సీలో కూడా 20 (నేరారోపణ, శిక్షల విషయంలో రక్షణ), 21 (ప్రాణం, వ్యక్తిగత స్వేచ్ఛ) ఆర్టికల్స్ అమలును ఆపడానికి లేకుండా చేసింది.